నదికిచ్చే డబ్బు చేప దాకా ఎందుకు చేరదు?

అమెరికా పడమటి తీరంలో ఓరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో 1950ల నుంచి 1970ల దాకా ప్రభుత్వ శాఖలు వాగుల్లో పడి ఉన్న పెద్ద పెద్ద దుంగల్ని యంత్రాలు పెట్టి లాగించి పారేయించాయి. చేపల మేలు కోరే ఆ పని చేశారు. దుంగలు అడ్డం పడితే, సముద్రంలో పెరిగి గుడ్లు పెట్టడానికి వాగుల్లోకి తిరిగొచ్చే సాల్మన్ చేపలు ఎగువకు ఎక్కలేవని, వాగు శుభ్రంగా ఉంటే దారి సాఫీగా ఉంటుందని అప్పటి అధికారులు నిజంగానే నమ్మారు. తర్వాత తెలిసింది ఏంటంటే, ఆ దుంగల వల్లే నీళ్లు మలుపు తిరిగి మడుగులు ఏర్పడతాయి, వాటి కిందే పిల్ల చేపలు దాక్కుంటాయి, వరద వచ్చినా కొట్టుకుపోకుండా నిలబడతాయి, గుడ్లు పెట్టడానికి కావాల్సిన గులకరాళ్లు కూడా వాటి దగ్గరే ఆగుతాయి. ఇప్పుడు అవే రాష్ట్రాల్లో హెలికాప్టర్లతో దుంగలు మోసుకొచ్చి వాగుల్లో పెడుతున్నారు. తీసింది ప్రజల డబ్బుతోనే, తిరిగి పెడుతున్నదీ ప్రజల డబ్బుతోనే.

ఎవరినో తప్పు పట్టడానికి ఈ మాట ఎత్తలేదు. నదుల పునరుద్ధరణ, చేపల ఆవాసాల పునరుద్ధరణ అనగానే మన దాకా వచ్చేది ప్రకటించిన మొత్తం ఒక్కటే. ఇన్ని కోట్లు మంజూరు, ఇన్ని కిలోమీటర్ల నది బాగు, ఇన్ని లక్షల చేప పిల్లల విడుదల. ఆ వార్త చదివి సంతోషపడి వదిలేస్తాం. పదేళ్ల తర్వాత అక్కడ చేపలు పెరిగాయా అని అడిగేవాళ్లు తక్కువ, అడిగినా జవాబు చెప్పగలిగేవాళ్లు ఇంకా తక్కువ. నన్నడిగితే మొత్తం ఎంత అన్నది రెండో ప్రశ్న. ఆ డబ్బు ఎవరి దగ్గర్నుంచి వస్తోంది, ఏ షరతుల మీద వస్తోంది, ఎప్పట్లోగా ఖర్చు పెట్టాలి అన్నవే నదిలో ఏ పని జరుగుతుందో, ఏది జరగదో ముందుగానే తేల్చేస్తాయి. చేపలు తిరిగొచ్చిన చోట్లు, రాని చోట్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఇది బాగా అర్థమవుతుంది.

ముందు సమస్య ఎంత పెద్దదో ఒక మాట. వలస వెళ్లే మంచినీటి చేపల మీద 2024లో వచ్చిన అంతర్జాతీయ అంచనా ప్రకారం, శాస్త్రవేత్తలు గమనిస్తున్న సమూహాలు 1970 నుంచి 2020 లోపు సగటున 81 శాతం తగ్గిపోయాయి. (ప్రతి వంద చేపల్లో 81 పోయాయని దీని అర్థం కాదు, ఒక్కో సమూహంలో వచ్చిన తగ్గుదలకు సగటు అది.) యూరప్ నదుల మీద కనీసం 12 లక్షల అడ్డంకులు ఉన్నాయని 2020లో ఒక అధ్యయనం లెక్క తేల్చింది. వాటిలో చాలావరకు పెద్ద డ్యాములు కావు. చిన్న కట్టలు, తూములు, నీటి మెట్లు, ఎప్పుడో మూతపడ్డ మిల్లుల కోసం కట్టినవి కూడా. మనిషి దాటేసి వెళ్లే అడుగున్నర కట్ట కూడా చాలా చేపలకు గోడే.

డబ్బు వచ్చే దారులు

సర్కారు డబ్బు అంటే బడ్జెట్‌లోంచి ఇచ్చే గ్రాంటు అనే అనుకుంటాం. అది ఒక దారి మాత్రమే. అమెరికా కాంగ్రెస్ 2000లో పసిఫిక్ తీర సాల్మన్ పునరుద్ధరణ నిధిని పెట్టింది. కేంద్రం నుంచి రాష్ట్రాలకు, ఆదివాసీ తెగలకు ఆ డబ్బు వెళుతుంది, ఎంత అన్నది ఏటా చట్టసభ తేల్చాలి. ఓరెగాన్ ప్రజలు ఇంకో దారి పట్టారు. 1998లో ఓటేసి రాష్ట్ర లాటరీ ఆదాయంలో 15 శాతాన్ని పార్కులకు, వాగులకు, చేపల ఆవాసాలకు రాసుకున్నారు, 2010లో మళ్లీ ఓటేసి దాన్ని శాశ్వతం చేసుకున్నారు. దేశమంతటా గాలాలు, చేపలు పట్టే సామాన్ల మీద పన్ను వేసి దాన్ని చేపలకే ఖర్చు పెట్టే చట్టం అయితే 1950 నుంచీ ఉంది, 1984లో మోటారు పడవల ఇంధనం మీది పన్ను కూడా దానికి కలిపారు. కాలిఫోర్నియా 2014లో నీటి పనుల కోసం బాండ్లు అమ్మడానికి ప్రజల ఆమోదం తీసుకుంది, అందులో కొంత నదులకు వెళ్లింది. వీటన్నిటినీ మించింది కరెంటు బిల్లు, దాని గురించి విడిగా చెప్పాలి.

ఈ దారులన్నీ చూడ్డానికి ఒకటే అనిపిస్తాయి గానీ పనిలోకి దిగాక తేడా తెలుస్తుంది. చట్టం ప్రకారం ప్రతి ఏడాదీ వచ్చే డబ్బయితే స్థానిక సంఘం ఒక జీవశాస్త్రవేత్తను, ఒక ఇంజనీరును జీతమిచ్చి ఏళ్ల తరబడి ఉంచుకోగలదు, వాళ్లు రైతుల ఇళ్లకు వెళ్లి మాట్లాడి ఒడ్డు భూమిలో పని చేయడానికి ఒప్పించగలరు. ఏటా చట్టసభ వైపు చూడాల్సిన డబ్బయితే ఆ మనిషి వచ్చే ఏడాది ఉంటాడో లేదో తెలియదు, రైతుతో పెంచుకున్న నమ్మకం ఆ మనిషితోనే వెళ్లిపోతుంది. గాలాల పన్ను డబ్బు విషయం వేరే. జనం సరదాగా పట్టే చేపల వైపు అది సహజంగా మొగ్గుతుంది, ఎవరూ పట్టని, ఎవరికీ పేరు తెలియని చిన్న చేపకు దాని వాటా తక్కువ.

కరెంటు బిల్లు కట్టిన చేపలు

ఓరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల మధ్య పారే కొలంబియా నది కథ కాస్త నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే చేపల కోసం ప్రజల సొమ్ము ఇంత పెద్ద ఎత్తున ఖర్చయిన చోట్లు ప్రపంచంలో చాలా అరుదు. డ్యాములు రాకముందు ఏటా కోటికి పైగా, ఓ అంచనా ప్రకారం 1.6 కోట్ల దాకా, సాల్మన్, స్టీల్‌హెడ్ చేపలు సముద్రం నుంచి ఆ నదిలోకి తిరిగొచ్చేవి. 1938లో బోన్‌విల్ డ్యాము వచ్చింది, చేపల నిచ్చెనతో, అంటే చేపలు మెట్టు మెట్టుగా ఎక్కి డ్యాము దాటే నీటి దారితో. 1942లో గ్రాండ్ కూలీ వచ్చింది, దానికి నిచ్చెన కూడా లేదు, అంటే దాని ఎగువన ఉన్న వందల మైళ్ల నది సాల్మన్‌కు ఒక్కసారిగా మూసుకుపోయింది. అదే 1938లో మిచెల్ చట్టం పేరుతో నష్టాన్ని పూడ్చే ఏర్పాటు మొదలైంది, దాని డబ్బు ఎక్కువగా హేచరీలకు వెళ్లింది. చేపలు పైకి వెళ్లలేకపోతే కిందే తొట్లలో గుడ్లు పొదిగించి పిల్లల్ని వదులుదాం అన్నది ఆలోచన.

1980లో వచ్చిన చట్టం ఇంకో అడుగు వేసింది. ఆ డ్యాముల కరెంటు అమ్మే కేంద్ర సంస్థ బోన్‌విల్ పవర్ అడ్మినిస్ట్రేషన్, తన ఆదాయంలోంచి చేపలకు, వన్యప్రాణులకు ఖర్చు పెట్టాలని చెప్పింది. అంటే ఆ ప్రాంతంలో లైటు వేసుకునే ప్రతి ఇల్లూ తెలియకుండానే చేపలకు చందా కడుతున్నట్టు లెక్క. పన్ను చెల్లింపుదారుడి దయ మీద ఆధారపడకుండా, నష్టం చేసినవాళ్లే భరించాలి అనే సూత్రం అది, నాకు ఆ సూత్రం న్యాయంగానే అనిపిస్తుంది. కానీ దాని లోపలే ఒక పెద్ద ముడి ఉంది. చేపలకు డబ్బు రావాలంటే డ్యాము నడవాలి, కరెంటు అమ్ముడవ్వాలి. అందుకని ఆ డబ్బు డ్యామును ముట్టుకోని పనుల వైపే పోతుంది: హేచరీలు, నిచ్చెనలు, పిల్ల చేపల్ని పడవల్లో, లారీల్లో ఎక్కించి డ్యాములు దాటించడం, ఉపనదుల ఒడ్డున చెట్లు నాటడం. ఇవి పనికిమాలినవని అనను. కానీ చేప చావుకు ప్రధాన కారణాన్ని పక్కన పెట్టి దాని చుట్టూ ఖర్చు పెట్టుకుంటూ పోవడమే ఎక్కువ జరిగింది.

ఫలితం ఏంటి? ఏటా తిరిగొచ్చే చేపల్ని 50 లక్షలకు చేర్చాలని 1987లో లక్ష్యం పెట్టుకున్నారు, దాని దరిదాపుల్లోకి కూడా నిలకడగా రాలేదు. 1982 నుంచి 2001 దాకా కేంద్ర శాఖలు దాదాపు 330 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టాయని, చర్యలైతే చాలా జరిగాయి గానీ వాటివల్ల చేపలు ఎంత పెరిగాయో చెప్పే ఆధారం చాలా తక్కువని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2002లో రాసింది. 2023లో ఓరెగాన్ స్టేట్ యూనివర్సిటీ ఆర్థికవేత్త విలియం జేగర్, ఆయన సహ రచయిత మార్క్ షూరెల్ నాలుగు దశాబ్దాల లెక్కలు తీశారు. ధరల పెరుగుదలను సర్దుబాటు చేసి చూస్తే 900 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది, సహజంగా నదిలో పుట్టే చేపల సంఖ్య ఆ ఖర్చు వల్ల పెరిగిందనడానికి ఆధారం దొరకలేదని చెప్పారు.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ డబ్బు పెట్టకపోతే పరిస్థితి ఇంకా ఘోరంగా ఉండేదేమో, కొన్ని జాతులు పూర్తిగా తుడిచిపెట్టుకుపోయేవేమో. సముద్రం వేడెక్కడం లాంటి పెద్ద కారణాలు కూడా ఉన్నాయి, అవి ఏ నది పథకం చేతిలోనూ లేవు. అయినా హేచరీల విషయం మాత్రం తప్పించుకోలేనిది. తొట్లో పెరిగిన పిల్ల నదిలో పుట్టిన పిల్లతో మేతకు పోటీ పడుతుంది, పెద్దయ్యాక దానితో జత కట్టి ఆ జాతి తట్టుకునే శక్తిని పలచన చేస్తుంది. అంతకన్నా పెద్ద ఇబ్బంది, డ్యాము దగ్గర లెక్కపెట్టే చేపల్లో ఎక్కువ భాగం హేచరీవే అయినప్పుడు పైపైన అంకెలు బాగానే కనిపిస్తాయి, నది మాత్రం లోపల ఖాళీ అవుతూ ఉంటుంది. అలాగని హేచరీలు రేపే మూసేయండి అనడం కూడా తేలిక కాదు. ఒప్పందాల ప్రకారం చేపల మీద హక్కున్న ఆదివాసీ తెగలకు ఈరోజు దొరుకుతున్న చేపల్లో చాలావరకు వాటినుంచి వచ్చేవే. నదిని పాడు చేసినవాళ్లు వేరు, ఇప్పుడు హేచరీ చేప లేకపోతే చేతులు ముడుచుకుని కూర్చోవాల్సినవాళ్లు వేరు.

ఇంకోటి, ప్రభుత్వాలు మారితే మాట మారుతుంది. కొలంబియాలో కలిసే స్నేక్ నది డ్యాముల మీద కోర్టుల్లో ఏళ్ల తరబడి పోరాటం జరిగాక 2023 డిసెంబరులో కేంద్రం, రెండు రాష్ట్రాలు, నాలుగు తెగలు ఒక అవగాహనకు వచ్చాయి. 2025 జూన్‌లో కొత్త అధ్యక్షుడు దాన్ని రద్దు చేశాడు. ఏడాదిన్నర. ఒక చినూక్ సాల్మన్ గుడ్డులోంచి బయటపడి, సముద్రానికి వెళ్లి, పెరిగి, తిరిగొచ్చి గుడ్లు పెట్టడానికి సాధారణంగా మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది.

అడ్డు తీసేసిన చోట

వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎల్వా నది మీద 1913లో ఒక డ్యాము, 1927లో ఇంకోటి కట్టారు. రెండోది, గ్లైన్స్ క్యానియన్, 64 మీటర్ల ఎత్తు. వాటిని కొని, నదిని తిరిగి నిలబెట్టమని 1992లో కాంగ్రెస్ చట్టం చేసింది. ప్రభుత్వం వాటిని కొన్నది 2000లో, 2.95 కోట్ల డాలర్లకు. కూల్చడం మొదలైంది 2011లో, ముగిసింది 2014లో. చట్టానికీ గునపానికీ మధ్య 19 ఏళ్లు. మొత్తం ప్రాజెక్టు ఖర్చు దాదాపు 32.5 కోట్ల డాలర్లు.

ఆ 32.5 కోట్లు ఎక్కడ పోయాయో చూస్తే చాలామంది ఆశ్చర్యపోతారు. డ్యాముల్ని కూల్చే కాంట్రాక్టు విలువ దాదాపు 2.7 కోట్ల డాలర్లే. పెద్ద ఖర్చు వేరే చోట ఉంది. వందేళ్లుగా డ్యాముల వెనక పేరుకున్న ఇసుక, ఒండ్రు కోటి ఘనపు మీటర్లను ఎప్పుడో దాటేసింది, డ్యాము తీయగానే అదంతా కిందికి కదులుతుంది. దిగువన పోర్ట్ ఏంజెలెస్ పట్టణం తాగేది ఆ నది నీళ్లే, అక్కడి కాగితపు మిల్లూ, చేపల హేచరీ వాడేదీ అవే. కాబట్టి ముందు నీటిశుద్ధి కేంద్రాలు కట్టాలి, వరద కట్టల ఎత్తు పెంచాలి. నది పునరుద్ధరణ అని రాసి ఉన్న డబ్బులో అసలు పెద్ద వాటా దిగువ మనుషులకు ఇబ్బంది రాకుండా చూడ్డానికి వెళ్లింది. దాన్ని దుబారా అనే వాళ్లున్నారు. నేనైతే అది లేకుండా ఆ డ్యాములు ఇంకా అక్కడే ఉండేవంటాను, పట్టణం ఒప్పుకునేది కాదు.

తర్వాత జరిగింది చూడండి. డెబ్బై మైళ్లకు పైగా నది, ఉపనదులు చేపలకు తెరుచుకున్నాయి. వేట మీద ఏళ్ల తరబడి నిషేధం పెట్టారు, ఆ నది ఒడ్డునే ఉండే లోయర్ ఎల్వా క్లాలమ్ తెగ కూడా ఆ నిషేధానికి ఒప్పుకుంది. 2023లో ఆ తెగవాళ్లు తమ సంప్రదాయ అవసరాల కోసం కోహో సాల్మన్ పరిమితంగా పట్టుకోగలిగారు. నది నోటి దగ్గర సముద్రం కోసేసిన తీరం ఒండ్రు చేరి మళ్లీ పెరిగింది, ఇది చేపల లెక్కలో రాని లాభం.

ఓరెగాన్‌లో పుట్టి కాలిఫోర్నియాలో సముద్రంలో కలిసే క్లామత్ నది మీద డబ్బు కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. అక్కడ 2002లో వేడి నీళ్లు, తక్కువ ప్రవాహం, రోగం కలిసి కనీసం 34,000 చేపలు ఒకేసారి చచ్చి తేలాయి. యూరోక్, కరూక్ తెగలు అప్పటి నుంచి పోరాటం తీవ్రం చేశాయి. నది మీదున్న నాలుగు కరెంటు డ్యాముల లైసెన్సు గడువు ముగిసింది, కొత్త లైసెన్సు కావాలంటే చేపలు దాటే ఏర్పాట్లు కట్టాలని నియంత్రణ సంస్థలు షరతు పెట్టాయి. ఆ ఏర్పాట్లు కట్టి డ్యాములు నడపడం కన్నా, ఖర్చుకు పరిమితి పెట్టుకుని డ్యాములు వదిలించుకోవడమే వినియోగదారులకు చౌక అని లెక్క తేలింది. దాదాపు 45 కోట్ల డాలర్లు: 20 కోట్లు ఆ డ్యాముల్ని నడిపే కరెంటు కంపెనీ వినియోగదారుల బిల్లుల మీద చిన్న సర్‌ఛార్జీగా, 25 కోట్లు ఇందాక చెప్పిన కాలిఫోర్నియా బాండ్ల నుంచి. 2023, 2024లో నాలుగు డ్యాములూ పోయాయి. పనులు పూర్తయిన కొద్ది రోజులకే, 2024 అక్టోబరులో, డ్యాములున్న చోటు దాటి ఎగువన ఓరెగాన్‌లో సాల్మన్ కనిపించింది. వందేళ్లకు పైగా చూడని చేప. పరిస్థితిని కదిలించింది గ్రాంటు కాదు, లైసెన్సు షరతు. చట్టం గట్టిగా నిలబడితే ప్రజల డబ్బు సగం చాలు అని నేను నమ్మడానికి కారణం ఇదే.

అన్నీ ఇంత వేగంగా తేలవు. ఫ్లోరిడాలో కిసిమీ నదిని 1962 నుంచి 1971 దాకా ఆర్మీ ఇంజనీర్లు వరద నివారణ పేరుతో తిన్నని కాలువగా మార్చారు, 166 కిలోమీటర్ల వంకర నది 90 కిలోమీటర్ల కాలువ అయింది. దాన్ని పాక్షికంగా వెనక్కి తిప్పడానికి 1992లో అనుమతి వచ్చింది, పని ముగిసింది 2021లో, ఖర్చు దాదాపు 100 కోట్ల డాలర్లు. ఆ కాలువ తవ్వడానికి అయిన ఖర్చు దాని పక్కన చాలా చిన్నది.

రోడ్డు కింద తూము

పెద్ద డ్యాములు వార్తల్లోకి ఎక్కుతాయి, చేపకు రోజూ తగిలేది మాత్రం రోడ్డు కింద కల్వర్టు. వాగు మీద రోడ్డు వేసేటప్పుడు ఒక గొట్టం పెట్టి మట్టి పోస్తారు. గొట్టం ఇరుకు కాబట్టి నీళ్లు వేగంగా దూకుతాయి, కొన్నేళ్లకు దిగువ చివర కింద నేల కోసుకుపోయి గొట్టం గాల్లో వేలాడుతుంది. ఎండాకాలంలో గొట్టంలో వేలెడు నీళ్లు. చేప ఇక ఎక్కదు.

వాషింగ్టన్ రాష్ట్రంలో 1850ల నాటి ఒప్పందాల ప్రకారం తెగలకు చేపలు పట్టే హక్కుంది, పట్టుబడిలో సగం దాకా వాటా వాళ్లదని 1974లో జడ్జి బోల్ట్ తీర్పు చెప్పాడు. 2001లో 21 తెగలు కోర్టుకెళ్లి ఒక సూటి ప్రశ్న అడిగాయి: చేపలు పట్టే హక్కిచ్చి, చేపలు ఎక్కే దారి మూసేస్తే ఆ హక్కుకు విలువేంటి? 2013లో కోర్టు రాష్ట్ర కల్వర్టుల్ని మార్చమని ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు 4-4గా చీలిపోవడంతో ఆ ఆదేశం నిలిచింది. మూసుకుపోయిన ఆవాసంలో 90 శాతాన్ని 2030 నాటికి తెరవాలి. ఖర్చు వందల కోట్ల డాలర్లలోకి వెళ్లింది.

ఇది పెద్ద విజయమే, అందులో అనుమానం లేదు. అయితే కోర్టు ఆదేశం రాష్ట్ర హైవేల కల్వర్టులకే వర్తిస్తుంది. అదే వాగు మీద రెండు వందల మీటర్ల దూరంలో కౌంటీ రోడ్డు కల్వర్టు ఉంటుంది, దానికి పైన ప్రైవేటు రోడ్డుది ఇంకోటి. రాష్ట్రం కోట్లు పెట్టి తన గొట్టం తీసి వంతెన కడుతుంది, దాని కింద చేప హాయిగా వెళ్లి పక్క గొట్టం దగ్గర ఆగిపోతుంది. డబ్బు యజమాని హద్దుల దగ్గర ఆగుతుంది, వాగు ఆగదు. ఒక మెట్రో రైలు లైన్లో సగం స్టేషన్లే కట్టి డబ్బులైపోయాయి అంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. దీన్ని గమనించే 2021 మౌలిక సదుపాయాల చట్టంలో రాష్ట్రాలకే కాక స్థానిక ప్రభుత్వాలకు, తెగలకు కూడా కల్వర్టుల కోసం ఐదేళ్లకు 100 కోట్ల డాలర్లు పెట్టారు. ఒక వాగును మొత్తంగా తీసుకుని, దిగువ నుంచి ఎగువకు వరసగా తెరుచుకుంటూ పోయే పద్ధతి ఉంటే తక్కువ డబ్బుతో ఎక్కువ చేపలు ఎక్కుతాయి.

గ్రాంటు రాసే మనిషి కష్టాలు

ఈ పనుల్లో చాలావరకు చేసేది పెద్ద శాఖలు కాదు, చిన్న స్థానిక సంఘాలు. వాళ్ల దగ్గర కూర్చుంటే మొదట వినపడేది చేపల గురించి కాదు, బిల్లుల గురించి. చాలా గ్రాంట్లు ముందు ఖర్చు పెట్టి తర్వాత క్లెయిమ్ చేసుకునే రకం. జేసీబీ వాడికి, డీజిల్‌కి, రాళ్లకి ఈ నెల డబ్బులివ్వాలి, సర్కారు నుంచి తిరిగొచ్చేది కొన్ని నెలలకు. పైగా కొంత శాతం మీ వాటాగా తెచ్చుకోండి అనే మ్యాచింగ్ షరతు. డబ్బున్న ప్రాంతం ఆ వాటా తేలిగ్గా తెస్తుంది, నది ఎక్కువ పాడైన పేద ప్రాంతం తేలేదు.

వీటన్నిటికన్నా నన్ను బాధపెట్టేది టైమింగ్. చేపలు గుడ్లు పెట్టే, పొదిగే కాలంలో వాగులోకి యంత్రం దించకూడదు, అది సరైన నిబంధనే. అందుకని నీళ్లలో దిగి పని చేయడానికి ఏడాదిలో కొన్ని వారాలే, మామూలుగా వేసవిలో, అనుమతి ఉంటుంది. మంజూరు కాగితం నెల లేటైతే పోయేది నెల కాదు, ఏడాది. గ్రాంటు గడువు మాత్రం రెండు మూడేళ్లే, అది ఆగదు. దాంతో జాగ్రత్తగా డిజైన్ చేయాల్సిన కష్టమైన పని పక్కకు పోయి, గడువులో అయిపోయే తేలిక పని ముందుకొస్తుంది. మొక్కలు నాటడం, కంచె వేయడం, ఫోటో తీయడం. చెడ్డ పనులని కాదు, కానీ వాగుకు కావాల్సింది అదేనా అని ఎవరూ అడగరు.

లెక్కింపు సంగతి మరీ అన్యాయం. అమెరికాలో 37,000 నది పునరుద్ధరణ ప్రాజెక్టుల రికార్డుల్ని ఒకచోట చేర్చి 2005లో శాస్త్రవేత్తలు చూస్తే, పని తర్వాత ఏదో ఒక రకంగా పరిశీలన జరిగినట్టు రాసి ఉన్నవి 10 శాతమే. అప్పటికే ఏటా 100 కోట్ల డాలర్లకు పైగా ఖర్చవుతోంది. దీనికి సోమరితనం కారణం కాదు. గ్రాంటు పని ముగియగానే ముగుస్తుంది, చేప తిరిగొచ్చేది ఆ తర్వాత. తిరిగొచ్చినప్పుడు లెక్కపెట్టే మనిషికి జీతం ఇచ్చే పద్దు లేదు. చెట్టు నాటడానికి డబ్బుంది, అది బతికిందో లేదో చూసి నీళ్లు పోయడానికి లేదు.

లెక్కపెట్టిన చోట ఎంత తెలుస్తుందో ఓరెగాన్‌లోని బ్రిడ్జ్ క్రీక్ చూపించింది. లోతుగా కోసుకుపోయిన ఆ వాగులో చెక్క స్తంభాలు వరసగా పాతి, బీవర్‌లు (చెట్లు కొరికి వాగులకు అడ్డకట్టలు కట్టే జంతువులు) వాటిని ఆసరాగా చేసుకుని తమ కట్టలు కట్టుకునేలా చేశారు. కాంక్రీటు లేదు. ఏమీ చేయని ఇంకో వాగును పోలికకు పెట్టుకుని ఏళ్ల తరబడి కొలిచారు. 2016లో వచ్చిన ఫలితాల ప్రకారం పిల్ల స్టీల్‌హెడ్ చేపల ఉత్పత్తి 175 శాతం పెరిగింది. పరిశీలనకు ముందుగానే డబ్బు పెట్టారు కాబట్టి ఈ అంకె ఉంది. అది లేకపోతే చవకైన స్తంభాలు పని చేస్తాయని ఏ అధికారీ నమ్మేవాడు కాదు, ఇంకో చోట మళ్లీ కాంక్రీటు పోసేవారు.

సాల్మన్ నిచ్చెన ఎక్కని చేపలు

ఇప్పటిదాకా చెప్పింది ఎక్కువగా సాల్మన్ గురించే, ఎందుకంటే డబ్బూ పరిశోధనా దాని మీదే ఎక్కువ. ప్రమాదం కూడా అక్కడే ఉంది. సాల్మన్ ఎగిరి దూకే చేప. దాని కోసం తయారైన నిచ్చెనను తెచ్చి ఉష్ణ దేశాల నదుల్లో పెడితే ఏమవుతుందో థాయ్‌లాండ్‌లోని పాక్ మూన్ డ్యాము దగ్గర తేలిపోయింది. ప్రపంచ బ్యాంకు సాయంతో 1994లో పూర్తయిన ఆ డ్యాముకు చేపల నిచ్చెన కట్టారు. మూన్ నదిలో అంతకుముందు 265 రకాల చేపలు నమోదయ్యాయి, తర్వాత ఎగువన దొరికినవి 96 రకాలేనని ప్రపంచ డ్యాముల కమిషన్ కోసం 2000లో చేసిన అధ్యయనం రాసింది. నిచ్చెన పని చేయలేదని కూడా. జాలర్లు ఏళ్ల తరబడి ఆందోళన చేశాక 2001లో గేట్లు తెరిచి చూశారు, చేపలు ఎక్కాయి. అంటే సమస్యకు పరిష్కారం గేటులోనే ఉంది, నిచ్చెన డబ్బు వృథా.

గంగ మీద ఫరక్కా బ్యారేజీ 1975లో మొదలైంది. మనకు పులసగా తెలిసిన హిల్సా అంతకుముందు అలహాబాద్ దాకా, ఇంకా పైకీ వెళ్లేది. సాల్మన్‌లా దూకే అలవాటు దానికి లేదు, చేతిలో పట్టుకుంటేనే పొలుసు రాలి చచ్చిపోయే సున్నితమైన చేప. బ్యారేజీ తర్వాత ఎగువన దాని వేట కుప్పకూలింది. 20,000 కోట్ల రూపాయలతో మొదలైన నమామి గంగే డబ్బులో ప్రధాన వాటా మురుగునీటి శుద్ధికి వెళ్లింది, అది అవసరమే, ఊళ్ల మురుగు ఆగకుండా నది బాగుపడదు. కానీ శుభ్రమైన నీళ్లున్నా దారి మూసి ఉంటే వలస చేప రాదు. హిల్సా కోసం జరుగుతున్నది ప్రధానంగా బ్యారేజీ దిగువన పట్టిన చేపల్ని, పిల్లల్ని తెచ్చి ఎగువన వదలడం. 2019లో కొత్త నౌకల లాకును చేపల రాకపోకలకు కూడా వీలుగా నడుపుతామని ప్రకటించారు. పై నుంచి కొలంబియా కథ చదువుతూ వచ్చినవాళ్లకు ఈ వరస ఎక్కడో విన్నట్టే ఉంటుంది: అడ్డును ఉంచి, చేపను మోయడం.

అదే చేప మీద బంగ్లాదేశ్ వేరే రకంగా ఖర్చు పెట్టింది, నాకు చాలా నచ్చిన ఉదాహరణ ఇది. 2000ల మొదట్లో అక్కడ హిల్సా పట్టుబడి 2 లక్షల టన్నులకు పడిపోయింది. అప్పుడు పిల్ల హిల్సా పెరిగే చోట్లను అభయారణ్యాలుగా ప్రకటించారు, పిల్ల హిల్సా పట్టడం ఆపారు, గుడ్లు పెట్టే అక్టోబరులో పూర్తి నిషేధం పెట్టారు, ఇప్పుడది 22 రోజులు. వేట ఆపిన కుటుంబాలకు ప్రభుత్వం బియ్యం ఇస్తుంది, పిల్ల చేపల నిషేధ కాలంలో నెలకు 40 కిలోలు. 2017-18కల్లా పట్టుబడి 5 లక్షల టన్నులు దాటింది. పెరుగుదల అంతా ఈ ఒక్క పథకం పుణ్యమే అనలేం, సముద్రంలోకి వెళ్లే పడవలూ పెరిగాయి. అయినా చేపను కాపాడే ఖర్చులో జాలరి అన్నం కూడా ఒక పద్దు అని ఒప్పుకున్న ప్రభుత్వాలు తక్కువ. మిగతా చోట్ల నదికి, కాంక్రీటుకు, ఇంజనీరుకు బడ్జెట్ ఉంటుంది, వల పక్కన పెట్టమని చెప్పిన మనిషికి ఉండదు.

అక్కడా లోటుపాట్లున్నాయి. బియ్యం ఒక్కటే ఇస్తే సరిపోదు, నూనె, పప్పు, పిల్లల ఫీజులు, పడవ మీద తెచ్చిన అప్పు అలాగే ఉంటాయి. చాలామంది జాలర్లు దాదన్ అనే పద్ధతిలో వ్యాపారుల దగ్గర ముందుగా డబ్బు తీసుకుని చేపల రూపంలో తీర్చాలి, నిషేధం ఉందని వ్యాపారి ఆగడు. కార్డు లేని కుటుంబాలకు బియ్యం రాదు. నిషేధం మొదలయ్యే రోజుకు బియ్యం ఇంట్లో ఉంటే వల ఒడ్డునే ఉంటుంది. నిషేధం సగమయ్యాక వస్తే, అప్పటికి ఆ ఇంట్లో ఎవరో ఒకరు రాత్రిపూట నదిలోకి వెళ్లి ఉంటారు, పట్టుబడితే జరిమానా కట్టడానికి మళ్లీ అదే వ్యాపారి దగ్గరికి వెళతారు.